చేతుల దుబాసీ

“నాకు అర్థం కాలేదు సార్. నిమ్మకాయ పుల్లగా ఉందని నాలుకే చెబుతోంది కదా. మళ్లీ ఈ లిట్మస్ కాగితం దేనికి?”

ఏడో తరగతి సైన్సు క్లాసులో లేచి నిలబడి ఈ ప్రశ్న అడిగింది మా చెల్లెలు. తనకు ముప్ఫయ్యెనిమిదేళ్లు. ఇద్దరు పిల్లల తల్లి.

క్లాసంతా గొల్లుమంది. చివరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్న నేనూ నవ్వేశాను. నవ్వనివాడు ఒక్కడే, ముందు వరసలో గోడవారగా కూర్చున్న కుర్రాడు. వాడికి కాస్త కోపం కూడా వచ్చినట్టుంది. ఎందుకంటే ఆ ప్రశ్న వాడిది. వాడు చేతులతో అడిగితే తను నోటితో పలికింది, అంతే. “వాడు అడుగుతున్నాడు సార్” అని మొదలుపెట్టకూడదట. వాడు ‘నేను’ అంటే తనూ ‘నేను’ అనాల్సిందే. సైగల భాష ఇంటర్‌ప్రెటర్లకు మొదట నేర్పే పాఠం అదేనట.

మా పిన్ని కూతురిది చిల్లకూరు. గూడూరు దాటి చెన్నై వైపు హైవే ఎక్కగానే వచ్చే ఊరు. ఇటు నిమ్మతోటలు, అటు సముద్రం వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు, తెల్ల ఇసుక. పోయిన ఏడాది సంక్రాంతికి ముందు ఓ పని మీద అటు వెళ్లి, వాళ్లింట్లో రెండు రోజులున్నాను. తను చేసే పని చూడాలని ఎప్పట్నుంచో కోరిక. “చూసేదానికి ఏముందన్నా, చేతులు తిప్పతా ఉంటా” అంటూనే వెంట తీసుకెళ్లింది. బడి పేరు ఎందుకులెండి, మండలంలో ఒక బడి.

నిజానికి మన ప్రభుత్వ బడుల్లో తనది ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం కాదు. సహిత విద్య రిసోర్స్ పర్సన్ అంటారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ‘భవిత’ కేంద్రాలున్నాయి కదా, అక్కడ పని. చూపు లేని పిల్లలు, నడవలేని పిల్లలు, మందబుద్ధి అని ఊళ్లో వాళ్లు ముద్ర వేసిన పిల్లలు, అందరినీ చూసుకోవాలి. అందులో ఈ పిల్లాడొకడు. వారంలో కొన్ని పీరియడ్లు మాత్రమే వాడి పక్కన నిలబడి టీచరు చెప్పేది చేతుల్లోకి మార్చగలుగుతుంది. మిగిలిన పీరియడ్లలో వాడు ఏం చేస్తాడని అడిగాను. “బోర్డు మీద ఉండేది రాసుకుంటాడు. దస్తూరీ చూడాలన్నా, ముత్యాలే. ఒక్క ముక్క అర్థం కాకుండా ముత్యాల్లా రాస్తాడు” అంది.

రెండు భాషలు తెలిసి మధ్యలో నిలబడేవాణ్ణి మనవాళ్లు దుబాసీ అన్నారు. ‘ద్విభాషి’ అన్న మాటే అలా అరిగింది. ఈ తీరానికి దుబాసీలు కొత్త కాదు. 1639లో మద్రాసులో చోటు సంపాదించక ముందు ఇంగ్లీషు కంపెనీ వాళ్లు కొట్టు పెట్టింది ఇక్కడికి దగ్గర్లోని దుగరాజపట్నంలోనే. కంపెనీ కాలపు దుబాసీలకు ఒక అపఖ్యాతి కూడా ఉంది. ఇటువాళ్ల మాట అటువాళ్లకు తమకు లాభమైనట్టు మార్చి చెబుతారని. మా చెల్లెలి పనిలో ఉన్న చిక్కంతా సరిగ్గా అక్కడే ఉందని నాకు ఆ రోజు తెలియదు.

క్లాసులో గంటసేపు కూర్చుంటే ఎన్ని సంగతులు తెలిశాయో! సారు “నలభై రెండో పేజీ తీయండి, బొమ్మ చూడండి” అంటూనే బొమ్మ గురించి చెప్పుకుపోతాడు. మన పిల్లలు కళ్లతో బొమ్మ చూస్తూ చెవులతో వింటారు. ఈ పిల్లాడికి రెండు పనులూ కళ్లే చేయాలి. పేజీ చూస్తే చేతులు చూడలేడు, చేతులు చూస్తే పేజీ చూడలేడు. వాడు బొమ్మ చూసి తలెత్తేసరికి సారు రెండు వాక్యాలు దాటిపోయి ఉంటాడు. ఆ రెండు వాక్యాలూ మా చెల్లెలు గుర్తుపెట్టుకుని, మూడోది వింటూ, మొదటిది చూపించాలి. “ఎవరు చెప్తారు?” అని సారు అడిగిన ప్రశ్న వాడి దాకా చేరేలోపు నలుగురు చేతులెత్తి ఒకడు జవాబు కూడా చెప్పేస్తాడు. వాడు ఏనాడూ మొదట చెయ్యెత్తలేడు. తెలివి తక్కువై కాదు, మూడు నాలుగు సెకన్లు ఆలస్యమై.

తను కిటికీకి వీపు పెట్టి నిలబడదు. వెనక నుంచి వెలుతురు పడితే ముఖం నల్లగా కనబడుతుందట. పూల చీరలు కట్టదు, ముదురు రంగువి కడుతుంది, చేతులు స్పష్టంగా కనబడాలని. బడికి బయల్దేరే ముందు గాజులు తీసి గూట్లో పెడుతుంది. ముత్తయిదువ బోసి చేతులతో గడప దాటడమేమిటని వాళ్లత్తగారు ఏళ్ల తరబడి సణిగి సణిగి, ఇప్పుడు చేతికొకటి చొప్పున సన్నటి గాజు దగ్గర రాజీ పడ్డారు. మబ్బు పట్టిన రోజు కరెంటు పోతే మనకు ఫ్యాను ఆగిపోతుంది. ఆ పిల్లాడికి పాఠమే ఆగిపోతుంది.

పెద్ద కోర్టుల్లో, సభల్లో ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరు ఉంటారు. ఇరవై నిమిషాలకో అరగంటకో మారతారు. చేతుల నొప్పి కాదు, వింటూనే మార్చే పనిలో బుర్ర అంతలా అలసిపోతుంది కాబట్టి. బళ్లో మారడానికి ఎవరున్నారు?

లిట్మస్ ప్రశ్నకు సారు నవ్వి, మా చెల్లెలి వైపు తిరిగి, “అన్నిటికీ నాలుక పెట్టకూడదని వాడికి చెప్పండమ్మా” అన్నాడు. తను ఆ మాటంతా చూపించింది. చివర్లో ‘వాడికి చెప్పండమ్మా’ని కూడా వదల్లేదు. కుర్రాడు పకాల్న నవ్వాడు. “సారు మాట్లాడాల్సింది వాడితో కదన్నా, నాతో కాదు. అది సారుకు తెలియాలంటే ఇట్టానే చెయ్యాల” అంది తర్వాత.

ఏదీ వదలకూడదు, ఏదీ కలపకూడదు. వినడానికి బాగానే ఉంది. భోజనాలప్పుడు తను చెప్పిన సంగతి విన్నాక నాకు ముద్ద దిగలేదు. కొన్నేళ్ల కిందట ఇంకో బళ్లో, ఇంకో పిల్లాడి దగ్గర, ఒక మాస్టారు విసుగొచ్చి, “వీడికి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. దండగ. మీరెందుకమ్మా చేతులు నొప్పి పుట్టించుకుంటారు” అన్నాడట క్లాసు మధ్యలో. తన చేతులు ఆగిపోయాయి. పిల్లాడు కనుబొమలెత్తి చూస్తున్నాడు, సారేమన్నాడని. క్లాసులో మిగతా పిల్లలంతా విన్నారు.

“ఏం చేశావు?”

“చూపించా.”

“అదేంటమ్మా! ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చుగా?”

“అట్టెట్టా అన్నా? అందరూ విన్నారు. వాడొక్కడికే తెలీకూడదా? రేపు పక్కోడు నవ్వితే ఎందుకు నవ్వతా ఉండాడో వాడికి తెలియొద్దా?”

ఆ పిల్లాడు తల దించుకుని పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడట. ఆ పీరియడంతా తలెత్తలేదు. ఎత్తకపోతే తన చేతులకు పనే లేదు. తర్వాత రెండు రోజులు బడికి రాలేదు. చేసింది తప్పో ఒప్పో తనకు ఈనాటికీ తేలలేదు. నేనైతే కచ్చితంగా అబద్ధం చెప్పేవాణ్ణి. కంపెనీ దుబాసీనే నయమనిపించేవాణ్ణి.

సైగల భాష అంటే గాలిలో బొమ్మలు గీయడమని చాలామందిలాగే నేనూ అనుకునేవాణ్ణి. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నాలు బధిరుల వార్తలు వచ్చేవి, గుర్తుందా? మహాభారతం చూసిన చాలా ఇళ్లలో ఆ వార్తలు చూసి పిల్లలు చేతులు తిప్పుతూ వెక్కిరించేవాళ్లు. నేనూ చేశాను. అది ఒక భాష, దానికో వ్యాకరణం ఉందని అప్పుడెవరు చెప్పారు? అమెరికాలో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు 1960లో రాసిన పుస్తకంతో గానీ పండితులకే ఆ సంగతి ఎక్కడం మొదలుకాలేదు.

మన భారతీయ సైగల భాష మన మనుషుల్లోంచి పుట్టిందే. ముక్కుపుడక పెట్టుకునే చోట వేలు ఆనిస్తే ఆడమనిషి. మీసం దువ్వితే మగమనిషి. తెలుగులోలాగే క్రియ చివర్లో వస్తుంది. ‘అన్నం తిన్నావు’ అన్న సైగలే కనుబొమలెత్తి చేస్తే ‘తిన్నావా?’ అవుతుంది. ముఖం కదపకుండా సైగ చేసేవాడు రాగం లేకుండా పాడేవాడితో సమానమట. నేను కాసేపు ప్రయత్నిస్తే వాళ్ల చిన్నకూతురు, “మామా, నువ్వు శవంలా మాట్లాడుతున్నావు” అంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ప్రశ్నలు కట్టే తీరు. ప్రశ్నకు ఒకే సైగ ఉంది. ముఖాన్ని చూపించి ఆ సైగ చేస్తే ‘ఎవరు’. చోటు చూపించి చేస్తే ‘ఎక్కడ’. కాలాన్ని చూపించి చేస్తే ‘ఎప్పుడు’. ఉల్రికె జెషాన్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇండియా, పాకిస్తాన్‌లలో తిరిగి ఇలాంటివన్నీ పాతికేళ్ల కిందటే పుస్తకంలో పెట్టారు.

ఈ పిల్లాడు మా చెల్లెలి దగ్గరికి మొదట వచ్చినప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. పుట్టుకతోనే వినబడదు. ఇంట్లో తల్లీ కొడుకూ కల్పించుకున్న సైగలు ముప్ఫయ్యో నలభయ్యో ఉండేవి. గుప్పెటతో మేత చల్లినట్టు చేస్తే నాన్న, రొయ్యల గుంటల దగ్గర పని కాబట్టి. రెండు జడలు పట్టుకుంటే చెల్లి. నడుం వంచి కర్ర పట్టుకుంటే తాత. అన్నం, నీళ్లు, నిద్ర, దెబ్బ. వాటితో ‘నిన్న’ అనలేరు. ‘ఎందుకు’ అనలేరు. తనకో పేరుందని కూడా వాడికి తెలియదు. ఊళ్లో అందరూ పిలిచే ‘మూగోడు’ అన్న మాటా తెలియదు, అదొక్కటి నయం.

నాలుగైదు నెలలకు ప్రశ్న సైగ పట్టుబడింది. ఒకరోజు నడుం వంచి కర్ర పట్టుకుని, చోటు చూపించి, ప్రశ్న వేశాడు. తాత ఎక్కడ?

తాత పోయి అప్పటికి రెండేళ్లు. ఇంటినిండా జనం రావడం, తాతకు పూలదండలు వేయడం, భుజాల మీద తీసుకుపోవడం అంతా చూశాడు. ఎవరూ చెప్పలేదు. ఎలా చెప్తారు? తన మీద కోపమొచ్చి వెళ్లిపోయాడనుకుంటున్నాడట, కర్ర దాచిపెట్టినందుకు.

ఇక్కడ ఒక సందేహం మీకు వచ్చే ఉంటుంది. మిషన్ పెట్టించవచ్చుగా, ఆపరేషన్ ఉందిగా అని. కాక్లియర్ ఇంప్లాంట్ మన దగ్గర ఆరోగ్యశ్రీలోనూ చేశారు. కానీ పుట్టుకతో వినబడని పిల్లలకు అది మాటలు నేర్చుకునే తొలి ఏళ్లలోనే జరగాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాట నేర్పించాలి. వీడికి వినబడదని ఇంట్లో గట్టిగా అనుకునేసరికే మూడేళ్లు దాటాయి. మగపిల్లలకు మాటలు ఆలస్యమని పెద్దవాళ్లు సర్దిచెప్పారు. చెవి మిషన్ ఉంది. దాంతో లారీ హారన్ తెలుస్తుంది, ‘లారీ’ అన్న మాట తెలియదు.

చేతులకు ఇంత శక్తి ఉంటే బడుల్లో ఎందుకు నేర్పలేదంటే, దానికో కథ ఉంది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల టీచర్లు మహాసభ పెట్టుకుని, ఇకమీదట పిల్లలకు నోటిమాటే నేర్పాలి, సైగలు వద్దని తీర్మానించారు. ఓటేసినవాళ్లు దాదాపు అందరూ చెవులు వినబడేవాళ్లే! ఆ గాలి ప్రపంచమంతా వీచింది, మన దేశానికీ వచ్చింది. ఆ తీర్మానాలు తప్పని అదే మహాసభల పరంపరలో ఒప్పుకున్నది 2010లో, కెనడాలోని వాంకోవర్‌లో. నూట ముప్ఫై ఏళ్లు పట్టింది. మా చెల్లెలు ప్రత్యేక విద్య కోర్సు చదివినప్పుడు కూడా పెదవుల కదలిక చదివించడం, అద్దం ముందు ‘ప’, ‘బ’ పలికించడం మీదే ఎక్కువ రోజులు గడిచాయట. అసలు సైగలు తను నేర్చుకుంది గూడూరులో ఆదివారం సాయంత్రాలు ఒకచోట చేరే నలుగురు బధిర యువకుల దగ్గర. వాళ్లే గురువులు. టీ డబ్బులే ఫీజు.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. ఢిల్లీలో 2015లో సైగల భాషకు ఒక జాతీయ కేంద్రం పెట్టారు. 2018లో మూడు వేల మాటలతో వాళ్లు తెచ్చిన నిఘంటువు 2021కి పదివేల మాటలకు పెరిగింది. పాఠ్యపుస్తకాలను సైగల్లోకి మార్చడానికి ఎన్‌సీఈఆర్‌టీతో 2020లో ఒప్పందం కుదిరింది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టులో హాజరయ్యారు. ఆ వీడియో మా చెల్లెలు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అయితే 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. దేశం మొత్తమ్మీద అర్హత పత్రం ఉన్న ఇంటర్‌ప్రెటర్లు మాత్రం ఇప్పటికీ వందల్లోనే. చిల్లకూరు దాకా ఒకరు వస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటే పిల్లాడికి మీసాలొస్తాయి.

‘రంగస్థలం’ సినిమాలో చిట్టిబాబుకు చెవుడు. ఎదుటివాళ్లు అనేది గట్టిగా చెప్పడానికి పక్కనే ఓ మనిషిని పెట్టుకుంటాడు. 2018లో హాల్లో అందరం తెగ నవ్వుకున్నాం. ఆ పక్కమనిషి సాయంత్రం ఇంటికి పోతే చిట్టిబాబు ఏం చేస్తాడని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఆలోచన ఇంటర్వెల్లు గంట కొట్టాక వచ్చింది. పిల్లలంతా బయటికి పరుగెత్తారు. మా చెల్లెలు రిజిస్టరులో సంతకం పెట్టడానికి వెళ్లింది. కుర్రాడు వేపచెట్టు కింద గోలీలాట చూస్తూ నిలబడ్డాడు. ఆటలో ఏదో తగాదా. అందరూ అరుస్తున్నారు. వీడు ఒక్కో ముఖం వైపూ చూస్తున్నాడు. మాట ఎటు పోతే అటు తల తిప్పుతున్నాడు, ఎప్పుడూ ఒక క్షణం వెనక. పిల్లలు చెడ్డవాళ్లు కారు. ఒకడు వీడి భుజం మీద చెయ్యేసి, ఏమీ లేదులే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఏమీ లేదులే. రోజుకెన్నిసార్లు వింటాడో వాడు ఆ మాట. అవును, చూస్తాడో అనాలి.

“క్లాసుకు నేనుండా. గోలీలాటకు ఎవరున్నారన్నా?” అంది చెల్లెలు బైకు మీద ఇంటికొస్తూ.

నికరాగువా అనే దేశంలో 1970ల చివర్లో బధిర పిల్లలను ఒక బళ్లో చేర్చారు. టీచర్లు స్పానిష్ పలికించడానికి తంటాలు పడుతుంటే, పిల్లలు ఆటస్థలంలో, బస్సుల్లో వాళ్లలో వాళ్లే సైగలు కలుపుకుని కొన్నేళ్లలో కొత్త భాషనే పుట్టించేశారు. చిన్నపిల్లలు వచ్చి దానికి ఇంకా పదును పెట్టారు. భాషా శాస్త్రవేత్తలు ముక్కున వేలేసుకున్నారు. ఒక్క పిల్లాడు, ఎంత చురుకైనవాడైనా, ఒంటరిగా ఆ పని చేయలేడు.

మన దగ్గర బాపట్లలో బధిర పిల్లలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది. గూడూరు నుంచి రైల్లో రెండొందల కిలోమీటర్ల పైమాటే. వీణ్ణి అక్కడికి పంపమని తల్లికి చెప్పింది మా చెల్లెలే. వీడు పోతే తన కేంద్రంలో ఒక పేరు తగ్గుతుంది. మూడున్నరేళ్లు కడుపున పుట్టినవాడిలా చూసుకుంది. “మామూలు బళ్లోనే అందరితో కలిసి చదవాలనే కదా ఈ ఉద్యోగం పెట్టింది?” అని అడిగాను. “కలిసి కూర్చుంటా ఉండాడు. కలిసి చదవడం లేదు” అంది. ఆ రెండిటికీ తేడా తెలియని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క దుబాసీని ఇచ్చి ఆ పిల్లల రుణం తీరిపోయిందనుకునేవాళ్లు.

ఆ సాయంత్రం తల్లి వచ్చింది, కొడుకును వెంటబెట్టుకుని. వరండాలో కూర్చున్నాం. “నువ్వే చెప్పక్కా వాడికి, పోబాక అని. నీ మాటైతే వింటాడు” అంది.

“నేను చెప్పను. నువ్వు చెప్పు. నేను చేతులు కదుపుతా.”

ఆమె కొడుకు వైపు తిరిగింది. బహుశా వాడికి అంత పెద్ద మాట చెప్పడం అదే మొదటిసారేమో, తడబడింది. “పోబాక నాయనా. నువ్వు లేకుంటే నేనుండలేను. జరమొస్తే ఎవురు చూస్తారు? నీకేం కావాలో వాళ్లకేం తెలుస్తది?” మా చెల్లెలి చేతులు వెనకే కదిలాయి. వాడు అమ్మ ముఖమూ, ఈ చేతులూ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి జవాబిచ్చాడు. చాలాసేపు ఇచ్చాడు.

మా చెల్లెలు తన గొంతుతో, ఆ తల్లి కళ్లలోకి చూస్తూ పలికింది. “అమ్మా, నువ్వు నాకు అన్నం పెడతావు. నాకది తెలుసు. కానీ ఇక్కడ నాతో ఎవరు మాట్లాడతారు? నేను అక్కతో మాట్లాడతాను. అక్క ఇంటికి పోతే ఊరుకుంటాను. రాత్రి నువ్వూ నాన్నా చెల్లీ నవ్వుతారు. ఎందుకని అడిగితే ‘ఏమీ లేదులే’ అంటారు.”

నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషి గొంతులోంచి పదకొండేళ్ల పిల్లాడి మాటలు. పొద్దున క్లాసులో నవ్వాను. ఇప్పుడు నవ్వలేదు. తల్లి ఏడ్చింది. మా చెల్లెలు ఏడవలేదు, చేతులు ఖాళీ లేవు.

జూన్‌లో వాణ్ణి బాపట్లలో చేర్చారు. మొదటి వారం వాడూ ఏడ్చాడట, హాస్టలన్నాక తప్పేదేముంది. ఆ తర్వాత నుంచి ఆ తల్లి ఆదివారం ఆదివారం మా చెల్లెలి ఇంటికి వస్తోంది, చేతులు నేర్చుకోవడానికి. వీడియో కాల్‌లో కొడుకు కొత్త సైగలేవో గబగబా చేస్తుంటే అందడం లేదట. మొన్న ఫోన్ చేసినప్పుడు చెల్లెలు చెప్పింది. మాట్లాడాలంటే రెండు చేతులూ కావాలి కదా, అందుకని ఆమె ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడుతుందట. ముందు మణికట్టు మీద గడియారం చోటు చూపిస్తుంది. తర్వాత ప్రశ్న వేస్తుంది. ఎప్పుడొస్తావు? వాడు సంక్రాంతికని చెప్పి, కనుబొమలు సరిగ్గా పెట్టమని రోజూ సరిదిద్దుతాడట.